హన్నక్క దూలం పిల్లలు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ టైం మిగులుతుంది. స్టేడియంలో తొమ్మిదేళ్ల పిల్ల సంగీతానికి తగ్గట్టు నేల మీద పల్టీలు కొడుతోంది, జడ్జీలు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు, సరిగ్గా అప్పుడు స్పీకర్లోంచి "డీజే అన్వేష్... గౌడవెల్లీ..." అని ఒక గొంతు అరిచింది. ఆ గొంతు నాదే, గౌడవెల్లి మా ఊరు. అప్పుడు నేను నోరు తెరవలేదు. రికార్డు తెరిచింది.

నేను పెళ్లి బరాత్‌లకూ బోనాలకూ పాటలు కలుపుతాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్‌లో చూసి, రెండు స్పీకర్లు కాల్చి నేర్చుకున్నాను. మా లైన్‌లో పాట మధ్యలో మన పేరు వినపడకపోతే సాయంత్రానికల్లా ఇంకొకడు తన పేరు పెట్టేసుకుంటాడు. అందుకని నా కంప్యూటర్ నుంచి ఏ పాట బయటికొచ్చినా, నలభయ్యో సెకను దగ్గర నా అరుపు దానంతటదే పడేలా పెట్టుకున్నాను. ఆ అతి తెలివే పోయి పోయి హన్నక్కకు తగిలింది.

హన్నక్కది లాల్‌గడి మలక్‌పేట్. వయసు ముప్పై నాలుగు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో గోలీల డబ్బాలు ప్యాక్ చేస్తుంది. నాలుగింటికల్లా శామీర్‌పేట దారిలో ఉన్న ఒక కోళ్ల షెడ్డుకు వచ్చి పదకొండు మంది ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతుంది. ఆ షెడ్డు దేవేందర్ అన్న వాళ్లది. ఒక ఏడాది రోగమొచ్చి కోళ్లన్నీ పోయాక ఖాళీగా పడి ఉంటే హన్నక్క వెళ్లి అడిగింది. రెండు వందల అడుగుల పొడుగు. ఉరికొచ్చి ఎగిరి దూకడానికి అంతకన్నా మంచి జాగా హైదరాబాద్‌లో కూడా దొరకదంటుంది. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా దూకితే జాలీలోంచి ఒకటో రెండో ఈకలు రాలతాయి.

ఆమెకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందంటే, వాళ్ల నాయిన దేవసహాయం చర్చిలో గంట కొట్టేవాడు. హన్నక్క ఎనిమిదేళ్లప్పుడు ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ గంట తాడు పట్టుకుని తలకిందులుగా ఊగింది. గంట ఆగకుండా మోగేసరికి ఎవరో పోయారనుకుని సగం ఊరు వచ్చేసింది. వచ్చిన వాళ్లంతా తిడుతుంటే, బడి పీటీ సార్ మాత్రం ఆ పిల్ల ఎంతసేపటి నుంచి వేలాడుతోందని అడిగాడట. మరుసటి వారం నుంచి రెండు బస్సులు మారి సిటీ స్టేడియానికి వెళ్లడం మొదలైంది. ఆరేళ్లు తిరిగింది. మండలం దాటింది, జిల్లా దాటింది. పద్నాలుగేళ్లప్పుడు రాష్ట్ర జట్టు ఎంపికలో అర మార్కు వెనకబడింది. అర మార్కు కావాలంటే బీమ్ మీద, అంటే పిల్లలు నడిచే సన్న దూలం మీద, ఒక కొత్త పల్టీ కలుపు అన్నాడు అప్పటి కోచ్. కలిపింది. పల్టీ అయితే తిరిగింది గానీ మోకాలు దాంతోపాటు తిరగలేదు. ఆట అక్కడితో ఆగిపోయింది. ఆ కోచ్ మీద ఆమె ఒక్క మాట అనగా నేను వినలేదు. వాన పడే ముందు రోజు మాత్రం కుంటుతుంది. వాళ్ల ఊళ్లో బట్టలారేసే వాళ్లు ఆమెను చూసే ఆరేస్తారు.

ఆమె షెడ్డులో మూడు మెట్లు ఉన్నాయి. కొత్త పిల్ల ముందు నేల మీద సుద్దతో గీసిన నాలుగంగుళాల గీత మీద నడవాలి. కాలు గీత దాటకుండా నెల రోజులు నడిస్తే ఇటుకల మీద పెట్టిన చెక్క ఎక్కొచ్చు. చెక్క మీద కళ్లు దించకుండా తిరగడం వస్తే, అప్పుడు అసలు బీమ్. అది కూల్చేసిన పాత ఇంటి టేకు దూలం. సోఫాలు కుట్టే వాడితో రెగ్జిన్ తొడిగించి ఛాతీ ఎత్తున నిలబెట్టింది. కింద టెంట్ హౌస్ నుంచి తెచ్చిన పాత పరుపులు. అందుకే పిల్లల పేర్లు కూడా గీత పిల్లలు, ఇటుక పిల్లలు, దూలం పిల్లలు అని పడిపోయాయి. తల్లులు బస్టాపులో కలిస్తే మీ పిల్ల ఇంకా గీతేనా, మాది ఇటుకకొచ్చింది అని మాట్లాడుకుంటారు. పక్కనున్న వాళ్లు ఇల్లు కడుతున్నారేమో అనుకుంటారు.

ఇంకో అలవాటుంది. ఈ ఆటలో పదిలోంచి తప్పులు తీసేస్తూ మార్కులు వేస్తారు కదా, హన్నక్క మనుషులకూ అట్లాగే వేస్తుంది. ఆమె దగ్గర అందరూ పదితో పుడతారు, తర్వాతంతా తరగడమే. పాస్టర్ గారి ప్రసంగానికి ఒకసారి ఎనిమిదిన్నర వేసింది. ఎగరడం బాగుందట, దిగడమే తెలియలేదట. నాకెన్ని అని అడిగితే ఇంకా కూడుతున్నానంది. తీసేసే ఆటలో కూడడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక తృప్తి సంగతి. దేవేందర్ అన్న బిడ్డ. దూలం పిల్లల్లో అందరికన్నా ముందుంది. ఈ ఏడాదితో పదేళ్ల లోపు విభాగం దాటిపోతుంది. ఎంపిక పోటీలో మొదటి ఆరుగురిలో నిలిస్తే నెల రోజుల రాష్ట్ర శిబిరానికి తీసుకుంటారు. అక్కడ పట్టుకుని ఊగే అసలైన బార్లు, పడినా దెబ్బ తగలని స్పంజి గుంట, రాష్ట్ర జట్టుకు దారి. తప్పితే వచ్చే ఏడు పెద్ద పిల్లల గుంపు. వాళ్లంతా సిటీలో మంచి సామాన్ల మీద పెరిగిన వాళ్లు. కోళ్ల షెడ్డులో నేర్చుకున్న పిల్ల వాళ్లను అందుకోవడం కష్టమని హన్నక్కకు తెలుసు.

నేల మీది ఆటకు తొంభై సెకన్ల సంగీతం కావాలని నన్ను పిలిచింది. పాటలో ఒక్క మాట కూడా ఉండొద్దు, ఉంటే ఒక మార్కు కోస్తారు అని నాలుగుసార్లు చెప్పింది. డప్పు, క్లారినెట్ కలిపి, నా అరుపు తీసేసి మస్తు చేశాను. ఆమె విని సరేనంది. అక్కడ ఊరుకోవాలి కదా. పోటీ రోజు పొద్దున దరువు ఇంకొంచెం పెంచుదామని మళ్లీ తీశాను, ఈసారి అరుపు తీసెయ్యడం మరిచాను. మొదటి అర నిమిషం విని పెన్‌డ్రైవ్‌లో వేసేశాను. తర్వాత ఏమైందో మీకు తెలుసు.

తృప్తి ఆగిపోలేదు. ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేసి స్పీకర్ వైపు చూసి, మిగతాదంతా పూర్తి చేసింది. ఒక మార్కు పోయింది. నేను జడ్జీల బల్ల దగ్గరికి పోయి పేరు మాట కిందికి రాదని వాదించబోయాను. పెద్ద జడ్జి కళ్లజోడు దించి నన్ను చూసి ఏదో రాసుకోబోయింది. హన్నక్క వచ్చి నా కాలర్ పట్టి వెనక్కి లాగి, తప్పు మాదేనని చెప్పి దండం పెట్టింది.  

అసలు పరేషాన్ తర్వాత మొదలైంది. మా గుంపుకు ముందు నేల ఆట, చివర బీమ్ పడ్డాయి. ఇటు పిల్లలు బీమ్ ఎక్కుతుంటే అటు వేరే గుంపు పిల్లల సంగీతం మోగుతూనే ఉంటుంది. ఎవరి పాట మొదలైనా తృప్తి ఉలిక్కిపడి స్పీకర్ వైపు చూస్తోంది, మళ్లీ నా పేరు వస్తుందేమోనని. నాలుగంగుళాల దూలం మీద అట్లా తల తిప్పితే ఏమవుతుందో నాకే అర్థమైంది. అప్పటికి తృప్తి తొమ్మిదో స్థానంలో ఉంది. బీమ్ మీద వెనక్కి వాలి కొట్టే పల్టీకి అర మార్కు ఎక్కువ. నెల నుంచి దాన్నే సాధన చేస్తోంది.

దేవేందర్ అన్న జనం కూర్చునే మెట్ల మీది నుంచి దిగొచ్చాడు.

"మేడం, గిదే ఆఖరిసారి. వచ్చే ఏడు పెద్ద పిల్లలల్ల కలుస్తది. గా పల్టీ కొట్టనియ్యున్రి."

హన్నక్క బీమ్ వైపు చూసింది. చెయ్యి తన మోకాలు మీద ఉంది.

"దేవేందరన్నా, పల్టీకి మార్కులు వాళ్లేస్తరు. మోకాలుకు ఎవ్వరెయ్యరు. పల్టీ లేదు."

ఆయన ముఖం మాడ్చుకుని మెట్ల మీదికి తిరిగిపోయాడు. హన్నక్క పిల్ల ముందు కూర్చుని, పల్టీ తీసేశాం, మిగిలింది షెడ్డులో చేసినట్టు చెయ్యి అని చెప్పింది. తృప్తి నా వైపు అనుమానంగా చూసింది.

"మేడమ్, అన్వేషన్న మళ్ల అరుస్తడా?"

"అరవడు. అరిస్తే నోట్లె గీ సుద్దపొడి డబ్బా బోర్లిస్త."

తృప్తి కిసుక్కున నవ్వింది. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. పిల్లల చేతులకు పూసే ఆ డబ్బా ఆమె చేతిలోనే ఉంది.

తృప్తి కంటే ముందు స్థానాల్లో ఉన్న ముగ్గురు పిల్లలు అదే పల్టీ కొట్టారు. ముగ్గురూ కింద పడ్డారు. బీమ్ మీద నుంచి పడితే ఒక మార్కు పోతుంది. అంటే లెక్క ప్రకారం నా అరుపు ఒక పడిపోవడంతో సమానం. తర్వాత తృప్తి ఎక్కింది. ఎక్కడా ఊగలేదు. అవతల ఎవరిదో సంగీతం మొదలైనా తల తిప్పలేదు. మా షెడ్డులో ఇటుక పిల్లలకు చూపించేటప్పుడు ఎట్లా నడుస్తుందో అట్లాగే నడిచి, తిరిగి, దూకి, రెండు కాళ్ల మీద నిలబడి చేతులెత్తింది. బోర్డు మీద ఆరో పేరు పడేసరికి దేవేందర్ అన్న జేబురుమాలు వెతుక్కున్నాడు. హన్నక్క మాత్రం మోకాలు పట్టుకుని నేల మీదే కూలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు అందరం దేవేందర్ అన్న ఇప్పుడు గుడ్లు తెచ్చి అమ్మే బండిలో ఎక్కాం. తృప్తి ఖాళీ ట్రేలకు ఆనుకుని నిద్రపోయింది. మేడ్చల్ దగ్గరికొచ్చేసరికి నాకు ధైర్యం తిరిగొచ్చింది.

"అక్కా, ఒక్కటి ఆలోచించు. నా పేరు రాకపోతే పిల్ల బెదరకపోతుండె. బెదరకపోతే నువ్వు పల్టీ తీసెయ్యకపోతుంటివి. పల్టీ ఉంటే ఇది గూడ గా ముగ్గురి లెక్క పడుతుండె. అంటే తృప్తి నా వల్లనే గెల్చినట్టు గాదా?"

హన్నక్క మోకాలికి మందు రాసుకుంటూ తల ఎత్తకుండానే అంది:

"కుక్క తరిమితే ఉరికి బస్సు అందుకున్నోడు, గా కుక్కకు గూడ టికెట్ కొంటడార?"