మేనమామ పిలవని పొద్దు

మొన్న మా మనవరాలు పట్టుబట్టి టీవీలో ఒక సినిమా చూపించింది. ఎప్పుడో రాబోయే కాలమట, ఎండ తగలని పాతాళనగరంలో కింది అంతస్తులవాళ్ళు రాత్రింబగళ్ళు ఓ యంత్రం తిప్పితేనే పైవాళ్ళకు ఊపిరి ఆడుతుందట. వాళ్ళు తిరగబడ్డప్పుడు ఒకడు అందరినీ ముందుకు పంపి తాను వెనక ఉండిపోయాడు. అక్కడికి వచ్చేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేచి వసారాలో అటూ ఇటూ తిరిగాను. రాబోయే కాలమేమిటి నా తలకాయ, అదంతా నేను చూసొచ్చిందే అని ఆ పిల్లకెలా చెప్పను?

నిజాము ఏలుబడి ఆఖరి రోజులు. మాది ఇబ్రహీంపట్నం చెరువు కింది పల్లె. కోడి కూయగానే మా మేనమామ ఇంటింటి ముందూ నిలబడి, పేరుపెట్టి మనుషుల్ని దొర ఉండే కోటలాంటి గడికి పనికి పిలిచేవాడు. ఆయన కొలువే అది. పిలిస్తే కూలి లేని ఆ వెట్టికి పోవలసిందే, పిలవకపోతే పోనక్కరలేదు, ఆ కట్టడి గడి పెట్టిందే. మీలో ఆ కాలం చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మా గుమ్మం ముందు సొంత అక్కను పిలవాల్సి వచ్చినప్పుడు ఆయన గొంతు సగానికి తగ్గేది. అమ్మ చంటి తమ్ముణ్ణి నా ఒళ్ళో పడేసి వడ్లు దంచడానికి పరుగెత్తేది, నడుమ పాలివ్వడానికి కూడా పంపేవాళ్ళు కాదు. వాడు ఏడ్చి ఏడ్చి రోజురోజుకూ పుల్లలా అయిపోతుంటే, బతకడని ఆడవాళ్ళు నా ముందే అనుకునేవాళ్ళు. నాకు ఆ పిలుపంటే ఎంత అసహ్యమో మేనమామంటే అంత ప్రాణం.

వెట్టి మానాలని మగవాళ్ళు ఎన్నిసార్లు కూడినా, ముందు ఎవరు కాదనాలన్న దగ్గరే మాట తెగేది కాదు. చివరికి మామే అన్నాడట: "మీరెవ్వరు కాదనకుండ్రి. నేనే పిలువ. పిలువలేదు, గందుకే రాలేదనుండ్రి, మీ మీదికేం రాదు." అది విని అమ్మ "నీ మీదికొస్తది గద తమ్మీ!" అని ఏడిస్తే, "రానీ అక్కా, పోరన్ని జర సాదుకో" అన్నాడు.

ఆ పొద్దు పిలుపు లేదు. అమ్మకు కాలు నిలవలేదు. గుమ్మంలోకి పోవడం, చెవి ఒగ్గడం, మళ్ళీ లోపలికి రావడం. పొద్దెక్కాక ఎండలో కూర్చుని పాలిస్తే, తమ్ముడు కడుపునిండా తాగి అక్కడే నిద్రపోయాడు. ఊరంతా ఇళ్ళలోనే ఉంది, అయినా ఎవరికీ ముద్ద దిగలేదు. మధ్యాహ్నానికి గడి మనుషులు వచ్చి మామను పట్టుకుపోయారు. పిలుస్తానంటే వదిలేస్తామని కొట్టారట, ఆయన నోరు విప్పలేదు. శవాన్ని అప్పగించారు. అది చూశాక మా ఊళ్ళో భయం చచ్చిపోయింది, ఆడా మగా కలిసి గడి మీదికి పోయారు, ఆ తర్వాత వెట్టికి పిలవడానికి మళ్ళీ ఎవడూ రాలేదు.

తమ్ముడు బతికాడు, వాడికీ ఇప్పుడు మనవలున్నారు. గడి ఉన్న చోట ప్లాట్లు వేశారు, పొద్దెక్కేదాకా పడుకున్నా అడిగేవాడు లేడు, ఈ హాయి ఎవరు తెచ్చిందో తెలిసినవాళ్ళు కూడా లేరు. అది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ కోడి కూయగానే లేచి గుమ్మంలో నిలబడేది. ఇంకెవరు పిలుస్తరే, పండుకో అని నేను విసుక్కుంటే, "మా తమ్ముడు ఒక్కసారి పిలిస్తే మంచిగుండును బిడ్డా, ఉరుక్కుంట పోదును" అనేది.