కోరుట్లలో మా బాపు బ్యాండు

మా చిన్నప్పుడు మా ఇంటి దండెం మీద ఏడు ఎర్ర కోట్లు వరసగా ఆరుతుండేవి... అన్నీ బ్యాండువాళ్లవే. కోరుట్లలో మా బాపు పెట్టిన బ్యాండు అది. ఆయన క్లారినెట్ ఎత్తితే, మిగతా ఆరుగురూ ఆయన కళ్లలోకి చూసి అందుకునేవారు.

జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా పెళ్లివాళ్లు ముందు మా గడపే తొక్కేవారు. "మీరు ఏ దినం ఖాళీ ఉంటే గా దినమే లగ్గం పెట్టుకుంటం మాస్టరూ" అనేవారు. బరాత్ మా గల్లీలోంచి పోతే, అరుగుల మీద ముసలమ్మలు కూడా భుజాలు ఊపేవారు...

తర్వాత డీజే బండ్లు వచ్చాయి. ట్రంపెట్ మల్లేశం దుబాయి పోయాడు. డ్రమ్ము రాజన్న సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే పనికి కుదిరాడు. ఒక్కొక్కరే వచ్చి, కోటు మడతపెట్టి మా అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయారు.

బాపు మాత్రం పొద్దున్నే ఒక్కడే కూర్చుని వాయించేవాడు. ట్రంపెట్ అందుకోవాల్సిన చోట ఆగేవాడు... లోలోపల లెక్క పెట్టుకుని, మళ్లీ తన వంతు ఊదేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా మల్యాల నుంచి ఒకాయన వచ్చాడు. "మా పిలగాని పెండ్లికి రావాలె మాస్టరూ... నువ్వొక్కనివే చాలు."

బాపు ముఖం వెలిగిపోయింది. నన్నూ వెంట తీసుకెళ్లాడు.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర నిలబెట్టారు. పెళ్లికొడుకు కారు దిగాడు. బాపు ఊపిరి పీల్చుకోగానే ఫోటోలు తీసే అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊదకు కాకా... పాట బాక్సులల్ల వస్తది. నువ్వు ఊదినట్టు నిలబడు, ఫోటో మంచిగొస్తది."

బాపు నావైపు చూశాడు. నాకు సిగ్గేసింది... తల దించుకున్నాను. ఆయన చివరిదాకా అలాగే, క్లారినెట్ పెదాలకు ఆనించుకుని నిలబడ్డాడు.

బస్సులో ఒక్కటే అడిగాడు. "కడుపునిండ తిన్నవా బిడ్డా?"

ఆ తర్వాత ఇంట్లో కూడా వాయించలేదు. మూడేళ్ల కింద చనిపోయాడు. "ఊదు బాపూ, నేను వింట" అని ఆ గేటు దగ్గర ఒక్క మాట అనలేకపోయాను...

ఇప్పుడు ఏ పెళ్లికి పోయినా అందరూ డీజే ముందు ఎగురుతుంటారు. నేనొక్కదాన్నే ఓ మూల కూర్చుంటాను. పక్కవాళ్లకు బాపు గురించి చెబుదామన్నా ఆ మోతలో వినబడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను...

మీ ఇంటి పెళ్లిలో బ్యాండు వాయించినవాళ్ల పేర్లు మీకెవరికైనా గుర్తున్నాయా? ఒక్క పేరైనా సరే... రాయండి.