పిన్ని చూసిన గోధుమరంగు చుక్కలు

మా పిన్ని ఈత నేర్పేది. నీళ్లంటే వణికే ఆడవాళ్లే ఆమె దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు. "మునిగితే నేను లేనూ? ముందు మొహం ముంచండి," అని గదమాయించేది. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేది, అందుకే అందరూ ఆమెను విజిల్ టీచర్ అనేవాళ్లు.

ఓ రోజు బట్టలు మార్చుకుంటుంటే రొమ్ములో గట్టిగా గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు. పాలనాళం గోడ దాటి చుట్టుపక్కలకి పాకిందన్నారు.

మా అమ్మ తలుపు దగ్గరగా వేసి, "ఎవరికీ చెప్పకే. కడుపులో పుండనుకోనీ," అంది.

"పాపం, కడుపేం చేసిందక్కా? దాని మీద నింద వేస్తావ్," అంది పిన్ని. అమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆపరేషన్‌లో ఒక రొమ్ము మొత్తం తీసేశారు. కుట్లు మానాక, కొన్నేళ్లపాటు రోజూ మాత్ర వేసుకోవాలంది డాక్టరమ్మ.

"దేనికి? తీసేశారుగా."

"మీ గడ్డలో ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందండీ. కణంలో ఏ జన్యువు పని చెయ్యాలో, ఏది ఊరుకోవాలో చెప్పే ప్రోటీన్లుంటాయి. అదీ అలాంటిదే. ఆడ హార్మోన్ వచ్చి అతుక్కోగానే జన్యువుల దగ్గరికి పోయి, పెరగమని పురమాయిస్తుంది. ఎక్కడైనా ఒకటీ అరా కణం మిగిలితే దానికీ అదే పురమాయింపు. ఈ మాత్ర ముందే వెళ్లి హార్మోన్ చోటులో కూర్చుంటుంది."

"దాన్ని నాకు చూపించండి," అంది పిన్ని.

"దేన్ని?"

"నా ఒంట్లో ఉండి నా మీదే పెత్తనం చేసినదాన్ని."

డాక్టరమ్మ నవ్వబోయి, పిన్ని మొహం చూసి లేచింది. పిన్నినీ, తోడు వెళ్లిన నన్నూ కింద ల్యాబ్‌కి తీసుకెళ్లి, పిన్ని గడ్డలోంచి తీసిన ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒకరి తర్వాత ఒకరిని చూడమంది. లేత నీలం మీద గోధుమరంగు చుక్కలు. ఆ ప్రోటీన్ ఉన్నచోటల్లా రంగు అలా పడుతుందట. బాగుందని అనబోయి నాలుక కరుచుకున్నాను. పిన్ని చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇంతేనా?" అంది చివరికి.

"మంచి కణాల్లోనూ ఉంటుందండీ ఇది. అక్కడ హద్దులో ఉంటుంది."

"అయితే ఇక్కడా హద్దులో పెడదాం. ఏదీ, మాత్రలు రాయండి."

ఆ మాత్రలు ఆమెను ఊరికే వదల్లేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. తిట్టుకుంటూనే మింగేది, ఒక్కరోజూ మానలేదు.

తిరిగి పనిలోకి వెళ్లిన మొదటిరోజు ఈతకొలను మేనేజరు ఆమెను పక్కకి పిలిచాడు. "మీరు ఆఫీసులో కూర్చోండి మేడం. చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది."

"ఇబ్బందిపడేవాళ్లని నా బ్యాచ్‌కే పంపండి. ముందు వాళ్ల భయం పోగొడతాను," అని పాత ఈతదుస్తులే వేసుకుని వచ్చింది. ఒకవైపు బట్ట ముడతలు పడి చదునుగా ఉంది. గట్టు మీద అందరి చూపులూ అటే తిరిగాయి.

కొత్తగా చేరిన ఒకామె మెల్లగా, "నొప్పా టీచర్?" అని అడిగింది.

"చెయ్యెత్తితే లాగుతుంది. ఎత్తకపోతే బిగుసుకుపోతుంది. అందుకే ఎత్తుతున్నా." అని, ఆ గడ్డ ఎలా తగిలిందో, ఎక్కడ తడిమి చూసుకోవాలో అక్కడే అందరికీ చెప్పింది. ఆ తర్వాత ఆ బ్యాచ్‌లో ఇద్దరు పరీక్షకి వెళ్లారు. ఒకామెకి చిన్న గడ్డ, పాకకముందే దొరికింది.

అనుకున్న గడువయ్యాక డాక్టరమ్మ ఇంకొన్నేళ్లు వాడమంది. పిన్ని చెయ్యి చాచి చీటీ అందుకుంది. ఇప్పుడు ఆమెకి అరవై దాటాయి. పొద్దున్నే తొలి బ్యాచ్ వచ్చేసరికి నీళ్లలో ఉంటుంది, పైనుంచి తొంగిచూసేవాళ్లని రమ్మని కేకలేస్తూ.