లెనార్డ్ బాత్రూంలో ఉన్నాడు

హార్టెన్స్ ప్లంకెట్ గారికి ఒకే ఒక్క జబ్బు. ఖాళీ స్టూలు కనిపిస్తే దాని మీద ఏదో ఒకటి పెట్టేదాకా ఆవిడ చేతులు ఊరుకోవు. టోపీ కావచ్చు, గొడుగు కావచ్చు, జత తప్పిన చేతితొడుగు కావచ్చు. పెట్టాక ఎవరైనా వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగితే, ఉన్నారు. ఎప్పుడూ ఉన్నారు. ఒమాహా నగర జనాభా ప్రభుత్వం వారి లెక్కలో ఎంతో గానీ, హార్టెన్స్ గారి లెక్కలో మాత్రం ఇంకో అయిదుగురు ఎక్కువ.

వావ్రా స్టీక్ హౌస్ బారులో మొత్తం పదకొండు స్టూళ్ళు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అక్కడ హ్యాపీ అవర్. ఆ రెండు గంటలూ నిప్పుల మీద కాల్చిన స్టీక్ ముక్కలు, అరచేతిలో పట్టే చిన్న బర్గర్లు, వేయించిన పుట్టగొడుగులు, పైన చీజ్ మీగడలా కట్టిన ఉల్లిపాయ సూప్ అన్నీ సగం ధరకే. అయితే ఒక మెలిక ఉంది. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకే సగం ధర. నాలుగడుగులు అవతల బల్ల ముందు కూర్చుంటే అదే వంటగది, అదే పెనం, అదే మాంసం, ధర మాత్రం పూర్తిగా. అందుకని మూడున్నరకి ఆ స్టూళ్ళ మీద ఈగ కూడా వాలదు. నాలుగుంబావుకి వాటి కోసం టై కట్టుకున్న లాయర్లు పరిగెత్తుకొస్తారు.

హార్టెన్స్ గారు మూడూ ముప్పావుకే వస్తారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ. చేతిలో ఆవిడంత సంచి. గోడ పక్క స్టూలెక్కి కూర్చుని, సంచిలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి, పక్కనున్న అయిదు స్టూళ్ళ మీదా పూజకి సర్దినట్టు సర్దుతారు. ఈక గుచ్చిన ఊదారంగు టోపీ ఒకదాని మీద. గొడుగు ఒకదాని మీద. కాలం చేసిన ప్లంకెట్ గారి ఓవర్‌కోటు ఒకదాని మీద. లైబ్రరీ పుస్తకం, చేతితొడుగు మిగతా రెండింటి మీద.

బారు వెనక పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న డెల్బర్ట్‌కి ఈ తంతు చూసి చూసి విసుగు పోయి అలవాటు వచ్చింది.

"హార్టెన్స్ గారూ, ఇవాళ ఎవరెవరొస్తున్నారు?"

"టోపీ లెనార్డ్‌ది. బాత్రూంలో ఉన్నాడు. గొడుగు మా కజిన్ విల్హెల్మినాది. కారు పార్క్ చేస్తోంది."

"ఆవిడ మంగళవారం నుంచీ పార్క్ చేస్తూనే ఉన్నారండీ. ఇవాళ శుక్రవారం."

"పెద్ద కారు నాయనా."

"మరి ఓవర్‌కోటు?"

"డాక్టరు గారిది. ఆయనకి ఆపరేషన్ మధ్యలో ఆకలేస్తుంది. ఎప్పుడొస్తాడో చెప్పలేం."

లాయర్లు వచ్చి బతిమాలేవారు. బీమా కంపెనీ వాళ్ళు వచ్చి బల్లగుద్ది వాదించేవారు. ఒకాయన ఆవేశం పట్టలేక ఓవర్‌కోటు తీసి పక్కన పెట్టబోతే, "ఆ కోటు జేబులో ఆయన పళ్ళసెట్టు ఉంది, చూసి పట్టుకో" అన్నారు హార్టెన్స్ గారు. ఆయన వేళ్ళు కాలినట్టు వదిలేశాడు.

ఇంత కష్టపడి కాపాడిన స్టూళ్ళని ఆవిడ చివరికి ఏం చేసేవారు? అదే డెల్బర్ట్‌కి అంతుపట్టేది కాదు. అయిదూ నలభై కావస్తుండగా ఆవిడకి ఉన్నట్టుండి పూనకం వచ్చేది. టోపీ, గొడుగు, కోటు అన్నీ చకచకా సంచిలో కుక్కేసి, అప్పుడే తలుపు తీసుకుని లోపలికొచ్చిన ఎవరినో కేకేసి, "ఇదిగో అమ్మాయ్, మా వాళ్ళు రావట్లేదట, వచ్చి కూర్చో" అనేవారు. గంటన్నర పాటు లాయర్ల ప్రాణాలు తోడి, ఆఖరి ఇరవై నిమిషాలకి దారినపోయేవాళ్ళకి దానం. సరిగ్గా అదే వేళకి డెల్బర్ట్ రెండు చేతులా గ్లాసులు పట్టుకుని ఉక్కిరిబిక్కిరిగా ఉండేవాడు కాబట్టి, ఆ కూర్చున్నదెవరో అతను తేరిపార చూసింది లేదు. ముసలావిడకి ఆటలో విసుగొచ్చిందనుకునేవాడు.

అలా ఉండగా మార్చి నెలలో ఆ హోటలుకి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు థేడియస్ క్రైల్. యజమానికి స్వయానా మేనల్లుడు. వయసు ఇరవై ఎనిమిది. చంకలో ఎప్పుడూ ఒక ట్యాబు. వచ్చిన మూడో రోజున ఆ ట్యాబు చూసుకుంటూ బారు దగ్గరికొచ్చి, నిలబడి ఉన్న లాయర్లనీ కూర్చుని ఉన్న గొడుగునీ మార్చి మార్చి చూశాడు.

"మేడమ్, ఈ టోపీ ఎవరిదండీ?"

"లెనార్డ్‌ది."

"ఆయన ఎక్కడున్నారు?"

"బాత్రూంలో."

"ఎంతసేపయింది వెళ్ళి?"

"మగాళ్ళ బాత్రూం సంగతులు నన్నడుగుతావేమిటి నాయనా? వయసులో ఉన్నావు, నీకిప్పుడేం తెలుస్తుంది. అరవై దాటనీ, నువ్వే చెబుతావు."

లాయర్లు కిసుక్కున నవ్వారు. క్రైల్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నేనే వెళ్ళి చూసొస్తా" అని విసవిసా బాత్రూం వైపు నడిచాడు. ఇక ఆవిడ ఆట కట్టేనని డెల్బర్ట్ బెంగపడ్డాడు. ఎంత వేధించినా ఆవిడ అతనికి పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో దొరికిన ఏకైక వినోదం.

క్రైల్ తలుపు మీద టకటకా కొట్టాడు. "లెనార్డ్ గారూ! లెనార్డ్ గారూ! లోపల ఉన్నారా?"

రెండు క్షణాలు గడిచాయి. లోపల్నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"ఆఁ, ఉన్నాను! ఎవరది? ఏమైంది?"

డెల్బర్ట్ చేతిలో బీరు గ్లాసు నిండి, పొంగి, చొక్కా చేతిలోకి కారింది. హార్టెన్స్ గారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడ నోరు మాట లేకుండా తెరుచుకోవడం డెల్బర్ట్ చూడడం అదే మొదలు.

తలుపు తీసుకుని ఒక భారీ మనిషి బయటికొచ్చాడు. ఆరున్నర అడుగులు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా సస్పెండర్లు. గ్రాండ్ ఐలాండ్ అనే ఊరి నుంచి ట్రాక్టర్ విడిభాగాలు అమ్ముకోడానికొచ్చి, ఈ హోటల్లో మొట్టమొదటిసారి అడుగుపెట్టిన పెద్దమనిషి. తల్లిదండ్రులు ఆయనకి లెనార్డ్ అని పేరు పెట్టారు, అంతే.

"నన్నెవరు పిలిచారు?"

హార్టెన్స్ గారు అప్పటికే తేరుకున్నారు.

"ఎంతసేపయ్యా లెనార్డ్! ఊరంతా నీకోసం కాచుకునుంది. సూప్ చల్లారిపోతోంది, వచ్చి కూర్చో!"

ఆ గొంతులో నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య విసురుంది. అలాంటి గొంతు విని ఎదురుచెప్పే అలవాటు లెనార్డ్‌కి లేదు. నేరుగా వచ్చి కూర్చున్నాడు. క్రైల్ పాలిపోయిన మొహంతో, "మీ టోపీ అండీ" అంటూ ఈక గుచ్చిన ఊదారంగు టోపీ ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఎందుకైనా మంచిదని మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపాగి డెల్బర్ట్ వైపు వంగి రహస్యంగా అడిగాడు.

"ఈవిడని మా ఆవిడగానీ పంపిందా?"

సగం ధరకి రెండు పళ్ళేల స్టీక్ ముక్కలు, మూడు చిన్న బర్గర్లు లాగించి, "ఒమాహాలో ఇంత మర్యాద చేస్తారని తెలీదు" అంటూ ఆయన వెళ్ళిపోయాడు. టోపీ తిరిగిచ్చేశాడు గానీ, కాస్త బెంగగానే ఇచ్చాడు.

క్రైల్ ఆ రాత్రి ఎవరినో ఒకరిని అడిగి విషయం తెలుసుకున్నట్టున్నాడు. సోమవారం హార్టెన్స్ గారు వచ్చేసరికి గోడ మీద కొత్త బోర్డు ఉంది. దాని కింద చేతులు కట్టుకుని అతనే నిలబడి ఉన్నాడు.

"చదువుకోండి మేడమ్. స్టూలు మీద మనిషే ఉండాలి. వస్తువులుండకూడదు. ఇంకోసారి గొడుగు కనిపించిందంటే మీరు ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు. వెయ్యిమంది లెనార్డ్‌లు వచ్చినా సరే."

హార్టెన్స్ గారు కళ్ళజోడు పెట్టుకుని బోర్డు రెండుసార్లు చదివారు.

"మనిషుంటే చాలా?"

"చాలు."

"ఏ మనిషైనా?"

"ఏ మనిషైనా."

"అలాగేలే నాయనా" అని ఆవిడ సంచి భుజాన వేసుకుని, సూప్ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం స్టూళ్ళన్నీ నాలుగుంబావుకల్లా నిండిపోయాయి. డెల్బర్ట్‌కి అన్ని గ్లాసులు నింపినా ఏదో వెలితిగా ఉండింది. అయిదూ నలభైకి తలుపు తెరుచుకుని, ఎవరో ఆడవాళ్ళు గుమ్మంలో ఆగి లోపలికి తొంగిచూసి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోవడం మాత్రం కంటి చివర్న కనిపించింది.

మంగళవారం మూడూ ముప్పావు. తలుపు తెరుచుకుంది. ముందు హార్టెన్స్ గారు. ఆవిడ వెనక చేతికర్రలతో ఒకరు, వినికిడి యంత్రంతో ఒకరు, ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరు, మొత్తం అయిదుగురు వృద్ధులు వరసగా. హార్టెన్స్ గారి అపార్ట్‌మెంట్‌లో రోజూ పేకాడే బృందం అది. అయిదుగురినీ అయిదు స్టూళ్ళ మీదకి ఎక్కించడానికి డెల్బర్ట్ బారు దూకి ఇవతలికి రావలసి వచ్చింది. అందరికంటే పెద్దాయన ఆగీకి తొంభై ఒకటి.

"నేనెందుకొచ్చాను హార్టెన్స్?" అన్నాడు స్టూలు మీద సర్దుకుంటూ.

"కూర్చోడానికి."

"ఇంట్లో కూర్చునే ఉన్నాగా?"

"ఇక్కడ సూప్ ఉంది. నోర్మూసుకుని తాగు."

క్రైల్ వచ్చి చూశాడు. అయిదు స్టూళ్ళు, అయిదుగురు మనుషులు. బోర్డు చూశాడు. మళ్ళీ మనుషుల్ని చూశాడు. అతని నియమంలో వాళ్ళని దింపడానికి ఒక్క అక్షరం కూడా లేదు. పైగా అయిదుగురూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు పుట్టగొడుగులు తెప్పించుకుంటున్నారు. అతను ట్యాబులోకి మొహం దించుకుని వెళ్ళిపోయాడు.

అయిదూ ముప్పై ఎనిమిదికి హార్టెన్స్ గారు కిటికీలోంచి వీధివైపు చూసి, చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టారు.

"లేవండి!"

చర్చిలో ప్రార్థనకి లేచినట్టు నలుగురు ఒక్కసారి లేచారు. ఆగీ లేవలేదు.

"నా సూప్‌లో ఇంకా చీజ్ ఉంది."

"గిన్నెతో సహా లే ఆగీ!"

ఆయన గిన్నెతో సహా లేచి, మిగతావాళ్ళ వెంట వెనక బల్ల దగ్గరికి నడిచాడు. అదే క్షణంలో వీధి తలుపు తెరుచుకుని అయిదుగురు ఆడవాళ్ళు లోపలికొచ్చారు. కోట్ల కింద నీలం యూనిఫారాలు, కాళ్ళకి తెల్ల రబ్బరు బూట్లు, వేడినీళ్ళకి ఎర్రగా కందిన చేతులు. వాళ్ళతోపాటు సబ్బు వాసన లోపలికొచ్చింది. ఎదురుగా ఉన్న ఆసుపత్రి లాండ్రీ వాళ్ళు. ఇంకా వెచ్చగా ఉన్న స్టూళ్ళు చూసి, నడుములు పట్టుకుని, "అమ్మయ్య!" అంటూ కూలబడ్డారు.

ఈసారి డెల్బర్ట్ గ్లాసులు పక్కన పెట్టి మరీ చూశాడు. ఇన్ని నెలలుగా ఆఖరి ఇరవై నిమిషాలకీ ఈ స్టూళ్ళ కింద వేలాడింది ఈ తెల్ల బూట్లేనని అప్పుడు తెలిసింది. అతను మెల్లగా హార్టెన్స్ గారి దగ్గరికి వెళ్ళి వంగాడు.

"ఇదా సంగతి?"

"ఏది?"

"నాకు చెప్పొచ్చుగా? ఆ స్టూళ్ళ మీద వాళ్ళ పేర్లతో నేనే బోర్డులు పెట్టేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు" అన్నారావిడ గొంతు తగ్గించి. "నవంబర్లో ఆ చివరి స్టూలు మీదున్న పిల్ల ఒక్కతే వచ్చింది. స్టూళ్ళు ఖాళీ లేవు. బల్ల మీదున్న ధరల కార్డు తెరిచి, మూసేసి, ఒక గ్లాసు నీళ్ళడిగి నిలబడే తాగి పోయింది. పొద్దున్నుంచీ నిలబడి చేసే పని, ఇక్కడికొచ్చి మళ్ళీ నిలబడింది. బోర్డు పెట్టావనుకో, అది దయ. దయ మీద కూర్చుంటే కింద గుచ్చుకుంటూ ఉంటుంది నాయనా. దానంతటది ఖాళీగా దొరికితే అదృష్టం. దాని మీద హాయిగా కూర్చోవచ్చు. నువ్వు నోరు జారావంటే ఊరుకోను."

డెల్బర్ట్ తల ఊపి, చివరి స్టూలు దగ్గరికి ఆర్డరు రాసుకోవడానికి వెళ్ళాడు. అక్కడున్నది రమోనా. ఆ అయిదుగురిలోకీ చిన్నది. వేయించిన పుట్టగొడుగులు, స్టీక్ ముక్కలు చెప్పి, అతను కదలబోతుంటే చెయ్యి ఊపి ఆపింది.

"అన్నా, ఒక్క మాట. ఆ పెద్దావిడ నిన్న రాలేదేం? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు. ఏం?"

"ఏం లేదు. కంగారుపడ్డాం." రమోనా హార్టెన్స్ గారి వైపు ఓ చూపు వేసి గొంతు తగ్గించింది. "నీకు చెబితే నవ్వుతావేమో. క్రిస్మస్ నుంచీ మా ఆసుపత్రి క్యాంటీన్లో సాయంత్రం భోజనం ఊరికే పెడుతున్నారు. మేం ఇక్కడికి రావలసిన పనే లేదు."

"మరి?"

"పాపం ఆవిడ రోజూ ఎవరెవరి కోసమో చోటు ఉంచుకుని కూర్చుంటుంది. ఒక్కరూ రారు. చూడలేకపోయాం అన్నా. అందుకే వంతులేసుకుని రోజుకి అయిదుగురం వస్తున్నాం. ఈ సగం ధర ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా జాలికి మేమే దివాలా తీసేవాళ్ళం. ఆవిడతో మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటుంది."

డెల్బర్ట్ నోరు తెరిచాడు. గోడ పక్కన హార్టెన్స్ గారు. ఇక్కడ రమోనా. అటు చూశాడు, ఇటు చూశాడు, తెరిచిన నోరు మూసేశాడు. పంతొమ్మిదేళ్ళలో అతను ఇంత కష్టపడి నవ్వు ఆపుకున్నది లేదు.

"ఏమబ్బాయ్!" అవతలి చివర్నుంచి హార్టెన్స్ గారి కేక వినిపించింది. "కబుర్లు చాలు! ఆ పిల్లకి పుట్టగొడుగులు పట్రా! ఆరు కావడానికి పదే పది నిమిషాలుంది!"