ఎదురు నూగు

లండన్‌ మాడాక్స్ వీధిలో ఆడవాళ్ల కోట్ల సంగతి నన్నడగండి. బడి మానేసి ఆ దుకాణాల గడపల మీదే పెరిగాను. నేను చూడని కోటు ఇంకా పుట్టలేదు.

అక్కడ ట్రాంటర్ మేస్త్రీ దగ్గర హెస్టర్ పినాక్ కుట్టుపని చేసేది. ఆమె కాజా కుడితే గుండీ దానంతటదే వచ్చి దూరేది. నమ్మకపోతే మీ ఖర్మ. కానీ ఆమెకు కావలసింది కత్తెర. ఆడవాళ్ల కోటయినా కత్తిరింపు బల్ల దగ్గర మగవాడే నిలబడాలన్నది ఆ వీధి కట్టుబాటు.

ఒకసారి ట్రాంటర్ జ్వరంతో మంచమెక్కితే, ఒక భుజం జారిన దొరసానికి హెస్టరే కోటు కత్తిరించింది. అది తొడుక్కుంటే ఆవిడ భుజాలు తక్కెడలా సమంగా నిలిచాయి. కోలుకున్న ట్రాంటర్ ఆ పనితనం తనదేనని చెప్పుకున్నాడు. హెస్టర్ నోరు విప్పబోతే, దొరసాని ముందే నవ్వాడు.

“జ్వరం నాకంటే ఈవిడకే గట్టిగా పట్టినట్టుందండీ!”

ఆ నవ్వును హెస్టర్ ఏళ్ల తరబడి కడుపులో దాచుకుంది.

ఒక నవంబరు పొగమంచులో, గ్యాసు దీపం కింద, ట్రాంటర్ మిసెస్ వేవెల్ అనే మరో దొరసాని కోటుకు ముదురెరుపు ఉన్నిబట్ట కత్తిరించాడు. ఆ బట్టకు పిల్లి వీపులా నూగు ఉంటుంది. ముక్కలన్నిటికీ అది ఒకే వైపు వాలకపోతే ఎండలో రంగు తేడా కొడుతుంది. తనకో ముక్క మిగుల్చుకోవాలన్న ఆశతో కొలతలు ఇరికించి గీయడంలో, ఎడమ ముక్క తలకిందులైందని అతను చూసుకోలేదు. హెస్టర్ వేళ్లకు మాత్రం తెలిసిపోయింది.

“ఏమ్మా, నిమురుతున్నావు? బట్టను నిద్రపుచ్చుతున్నావా?”

“బాగా కత్తిరించారు మేస్త్రీగారూ. ఊడకుండా కుడతాను.”

ఏనుగులు లాగినా రాని కుట్లు వేసింది.

ఆదివారం హైడ్ పార్కులో ఎండ కాసింది. మర్నాడు మిసెస్ వేవెల్ ఆ కోటు తెచ్చి ట్రాంటర్ మొహాన విసిరింది.

“ఒక పక్క ద్రాక్షసారా, ఒక పక్క బురద! గుర్రాలు కూడా నవ్వాయయ్యా!”

ట్రాంటర్ హెస్టర్‌ను పక్కకు లాగాడు. “నువ్వే కత్తిరించావని చెప్పు తల్లీ. రేపట్నుంచి బల్ల నీది. ఒట్టు!”

హెస్టర్ బల్ల మీద మెరుస్తున్న పెద్ద కత్తెరను చాలాసేపు చూసింది. తర్వాత వీధిలోకి వినపడేలా అంది:

“కత్తిరించింది ఈయనేనండీ. తప్పు నాకప్పుడే తెలుసు. తెలిసే కుట్టాను.”

“మరి నన్నెందుకు నవ్వులపాలు చేశావే?” అంది మిసెస్ వేవెల్.

“మీ మీద నాకేం కోపం లేదండీ. ఈయన పరువు ఊరేగడానికి మీ ఒళ్లే దొరికింది.”

ఆ వీధిలో మళ్లీ ఎవరూ ఆమెకు పని ఇవ్వలేదు. రేవులో తెరచాపలు కుట్టుకుని బతికింది. ట్రాంటర్ దుకాణానికి తాళం పడిన రోజు సంబరంగా పాముచేప కూరి కాల్చిన పై రొట్టెలు రెండు తిన్నానని చెప్పేది. అబద్ధం. ఆరు తింది, కొనిపెట్టింది నేనే.