పెళ్లికూతురికి అపసవ్యం

మా మనవరాలు హైదరాబాదు కంపెనీ ఒకదానికి కార్టూన్ సినిమాల మనుషులకి బట్టలు గీస్తుంది. ఆఫీసుకి వెళ్ళనక్కర్లేదట, కడియంలో మా నడవలో కూర్చునే చేస్తుంది. మొన్న వేసవి అంతా పాతకాలం చైనా ఆడవాళ్ళ బట్టల మీదే పడింది. "గోదారోళ్ళకి బట్టల్లేవా?" అని మొదట్లో మండిపడ్డాను. "కథ అక్కడిది తాతయ్యా, నీ పంచె కట్టమంటావా?" అంది.

నేను చదివింది అయిదో తరగతి. మిగతాదంతా నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతూ, దొరికిన పుస్తకమల్లా చదివి తెలుసుకున్నదే. అందుకని పక్కన కుర్చీ వేసుకుని ప్రతిదీ అడిగేవాణ్ణి. నేలకి జారే అంగీ చేతులు, రొమ్ము పైన కట్టే పావడా, ముంజేతుల మీద గాలికి ఎగిరే పట్టు గుడ్డ. నాలుగు రోజులకే, చెప్పుకోవద్దూ, ముచ్చటేసింది.

ఒకరోజు హీరోయిన్ పెళ్లిబొమ్మ సాయంత్రానికి పంపాల్సి వచ్చింది. అది నచ్చితే సినిమా మొత్తానికి ఆ పిల్ల బట్టలు మా పిల్లే గీస్తుంది. లేకపోతే మళ్ళీ గుంపులో నిలబడేవాళ్ళ బట్టలే. మధ్యాహ్నం భోంచేసి వచ్చి తెర వైపు చూశాను. గుండె ఝల్లుమంది.

"ఏంటే ఇది? బతికున్న పిల్లకి అపసవ్యం వేశావేంటే!"

"అపసవ్యమేంటి?"

"అంగీ అంచు కుడి భుజం మీంచి ఎడమ పక్కకి! తద్దినం పెట్టేవాడి కండువాలాగ!"

పకపకా నవ్వింది. "చైనా పెళ్లికూతురికి మన తద్దినాలు తెలీవులే. మొహం అటు తిరిగుండాలన్నారు, బొమ్మ తిరగేశాను. ఒక్క నొక్కు, అంతే."

అద్దంలోలాగ మొహంతో పాటు అంగీ కూడా తిరిగిపోయిందన్నమాట. మా అక్క పెళ్లిచూపుల ఫొటోని నిడదవోలు స్టూడియోవాడు ఇలాగే తిరగేసి ప్రింటు వేస్తే, పైట కుడి భుజం మీద చూసి మగపెళ్లివారు, పిల్లది ఎడమచేతివాటమా అని కబురు పెట్టారు. అది చెప్పబోతే, "విన్నాను తాతయ్యా, అక్షరం పొల్లుపోకుండా విన్నాను" అంది. అయినా నా పోరు పడలేక, తను ఏవి చూసి గీసిందో ఆ పాతకాలం చైనా బొమ్మలు తెరిచింది. ఒక్కొక్కటీ చూస్తున్న పిల్ల నవ్వడం మానేసింది. అన్నిటిలోనూ అంగీ ఎడమ అంచు పైన, కుడి అంచు లోపల. ఇంకేదో వెతికి చదివింది. మొహం పాలిపోయింది.

"తాతయ్యా... రెండోవైపు మడత వాళ్ళు శవానికి వేస్తారట."

నేను అరిచింది నా అలవాటు కొద్దీ. ఎక్కడి చైనా, ఎక్కడి కడియం! మా నాన్న తద్దినంలో పురోహితుడు చెప్పగానే కండువా కుడి భుజానికి మార్చుకుంటాను. పోయినవాళ్ళ కోసం బట్ట దిక్కు మార్చాలని వాళ్ళకెవరు చెప్పారు, మాకెవరు చెప్పారు? చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తెర మీద ఆ పిల్ల ఎర్రటి పట్టులో పాడె ముస్తాబుతో నవ్వుతోంది.

మనవరాలు పై ఆఫీసరుకి ఫోను చేసి, స్పీకర్లో పెట్టి సంగతి చెప్పింది.

"ఎవరు చూస్తారమ్మా అంత? నాకు మొహం ఇటే ఉండాలి. పంపించెయ్. కుదరదంటే ఇంకొకళ్ళ చేత గీయిస్తా."

"ఎవరు చూస్తారేంటండీ? నేను చూశాను కదా!" అని గట్టిగా అరిచాను.

"ఎవరండీ అది?"

"మా కాస్ట్యూమ్స్ సలహాదారండి" అని ఫోను పెట్టేసింది.

పంపేస్తుందనుకున్నాను. పంపలేదు. మొహం అలాగే ఉంచి, అంగీ మొత్తం చెరిపేసింది. మళ్ళీ తిప్పితే మొహమూ తిరిగిపోతుంది కాబట్టి మడతలు, అంచు మీద పువ్వులు, నడికట్టు ముడి అన్నీ చేత్తో మొదటినుంచీ గీసింది. కాఫీ ఇస్తే చల్లారిపోయింది. దీపాలు పెట్టేవేళకి పంపింది. ఇద్దరం ఫోను వైపే చూస్తూ కూర్చున్నాం.

జవాబు వచ్చింది. "ఓకే. మొహం ఇలాగే కావాలన్నాను. సినిమా అంతా నువ్వే చెయ్యి."

"అంగీ మాటేది?" అన్నాను.

"ఆయన చూసుకోలేదు."

"చూసుకోలేదా! పూటంతా చచ్చి చెడి గీస్తే!"

మా పిల్ల ఎగిరి గంతేసి వాళ్ళమ్మకి చెప్పడానికి వంటింట్లోకి పరిగెత్తింది. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్లికూతురు బతికుందో చచ్చిందో చూసుకోనివాడు సినిమా తీస్తాడట!