రెండు పొట్లాల్లోనూ తెల్ల పువ్వే

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. పగలు పనిలో పడితే మరిచిపోయినట్టే ఉంటుంది. పక్కింట్లో ఎవరిదైనా పెళ్లిమాట వస్తే చాలు, "రాసిపెట్టి ఉంటే అదే జరుగుతుందిలే" అని ఎవరో ఒకరు అంటారు. ఆ పూట నాకు ముద్ద దిగదు. ఈ సంగతి మా అమ్మకి చెప్పలేదు, కట్టుకున్న మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యమధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి.

నా స్నేహితురాలు సుగుణ చనిపోవడానికి నేనే కారణం.

రాయగానే చెయ్యి ఆగింది. నిజంగా నేనేనా? జబ్బు కాదా? అని నన్ను నేనే అడిగాను, చాలాసార్లు అడిగినట్టే. అయినా ఆ మాట కొట్టేయబుద్ధి కాలేదు. మొత్తం చదివాక మీకు ఎలా తోస్తే అలా అనుకోండి.

ఎనభైల మొదట్లో మాట. గురజాలలో మా ఇల్లూ సుగుణ వాళ్ల ఇల్లూ ఒకటే సందు. మా వరండాలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని ఇద్దరం జాకెట్లు కుట్టేవాళ్లం. నాలుగు డబ్బులు చేతిలో పడితే సినిమాకి పరిగెత్తేవాళ్లం. ఏడుపు సినిమాలు మాకు పడవు. నవ్వించే ప్రేమకథలే కావాలి. బస్సులో గొడుగులు మారిపోవడం, రైల్లో పెట్టెలు మారిపోవడం, తిట్టుకుని విడిపోయిన అబ్బాయీ అమ్మాయీ మళ్లీ ఏ పెళ్లిపందిట్లోనో ఎదురుపడటం. ఆడవాళ్ల వైపు బెంచీల్లో కూర్చుని సుగుణ చేసే గోలకి ముందువరసవాళ్లు వెనక్కి తిరిగి కళ్లెర్రజేసేవాళ్లు. అనుకోకుండా మూడుసార్లు కలిశారంటే ఇక దేవుడు ముడివేసినట్టేనని తను గట్టిగా నమ్మేది. నేను వెక్కిరించేదాన్ని. ఆ కలవడాలన్నీ ఎవరో కుర్చీలో కూర్చుని రాసినవే కదే అనేదాన్ని. తను వినేది కాదు.

ఆ సినిమాల్లో హీరోయిన్ పక్కన ఒక పిల్ల ఉంటుంది, గమనించారా? నవ్వాల్సిన చోట నవ్వుతుంది, ఆటపట్టిస్తుంది, పాట మొదలవగానే ఎటో మాయమవుతుంది. దానికి పెళ్లయిందో లేదో ఎవరికీ పట్టదు. నేను ఆ పిల్లనే చూసేదాన్ని.

ఇక అతని సంగతి. పేరు రాయను. ఫిలిం రిప్రజెంటేటివ్. అంటే రీళ్ల పెట్టెలతో పాటు ఊరూరూ తిరిగి, హాలు దగ్గర ఎన్ని టికెట్లు తెగాయో చూసి, ఆట ఎత్తేయగానే ఆ పెట్టెలు తీసుకుని ఇంకో ఊరికి పోయే మనిషి. పిడుగురాళ్ల నుంచి వచ్చే బస్సులో మొదటిసారి కలిశాడు. బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడలేక నేను నడవలో ఉన్న ఇనుప పెట్టె మీద కూలబడ్డాను. "మెల్లిగా కూర్చోండి, లోపల హీరో హీరోయిన్లు ఉన్నారు" అన్నాడు. నాతోనే అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. కానీ పక్కన నిలబడ్డ సుగుణ నాకంటే ముందు పకపకా నవ్వేసింది. అతను తల ఎత్తి తనని చూశాడు. అంతే, అక్కడితో నా వంతు అయిపోయింది.

రెండోసారి నరసరావుపేటలో, దారపుండలు కొనే కొట్టు దగ్గర. వాన పడుతుంటే అదే చూరు కిందికి వచ్చి నిలబడ్డాడు. మూడోసారి రాజుపాలెంలో మా చుట్టాల పెళ్లి. అతను పెళ్లికొడుకు తరఫు. విస్తళ్ల ముందు కూర్చుని తల ఎత్తితే వడ్డించే చోట ఇతను, చేతిలో పులుసు బకెట్టు. సుగుణ నా తొడ గిల్లింది. ఆ మచ్చ వారం దాకా పోలేదు.

మూడుసార్లూ నేనూ అక్కడే ఉన్నాను కదా. మూడుసార్లూ అతను నన్ను కూడా అనుకోకుండానే కలిశాడు కదా. మరి దేవుడు ముడి తనకే ఎందుకు వేశాడు? ఇది కుళ్లు అని అప్పుడు ఒప్పుకోలేదు. అతనికి ఊరూ పేరూ లేదనీ, తిరుగుబోతు ఉద్యోగమనీ, సుగుణ మంచి కోసమే భయపడుతున్నాననీ నాకు నేను చెప్పుకున్నాను. కుళ్లే. ఇంకే పేరూ లేదు దానికి.

అతను మర్యాదగానే అడిగాడు. సుగుణ సరేనంటే వాళ్ల అమ్మని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. మళ్లీ పెట్టెలు తెచ్చినప్పుడు మాట చెప్పమన్నాడు. సుగుణకి ఇష్టమే. కానీ వాళ్ల నాన్న బొల్లాపల్లిలో ఒక రైతు సంబంధం చూస్తున్నాడు. నాన్నకి ఎదురుచెప్పాలంటే తనకి ధైర్యం కావాలి. అమ్మవారు అవునంటే ఎవరినైనా ఎదిరిస్తానంది. పూలు వేసి చూద్దామంది.

మా వైపు ఆ ఆనవాయితీ ఉంది. ఒక పొట్లంలో ఎర్ర పువ్వు, ఒక పొట్లంలో తెల్ల పువ్వు కట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. అడిగే మనిషి కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఎరుపు వస్తే అవును, తెలుపు వస్తే కాదు. అడిగే మనిషి పొట్లాలు కట్టకూడదు. వేరే ఎవరైనా తలంటుకుని, ఏమీ తినకుండా కట్టి తేవాలి. మిగిలిపోయిన పొట్లాన్ని విప్పి చూడకూడదు, చూస్తే అమ్మవారిని శంకించినట్టు. దాన్ని నీళ్లలో వదిలేయాలి. కట్టే పని సుగుణ నాకు అప్పజెప్పింది. ఇంకెవరికి అప్పజెబుతుంది?

శుక్రవారం పొద్దున్నే తలంటుకున్నాను. మా దొడ్లో నందివర్ధనం ఉంది, ఎర్ర గన్నేరూ ఉంది. గన్నేరు కొమ్మ వంచి పువ్వు పట్టుకున్న సంగతి గుర్తుంది. తెంపలేదు. ఎవరూ బలవంతం చేయలేదు, క్షణికావేశం అని చెప్పుకోవడానికి కూడా లేదు. తీరిగ్గా రెండు నందివర్ధనాలు కోసి, రెండు విస్తరాకు ముక్కల్లో చుట్టి, జాకెట్లు కుట్టే దారంతోనే ముడివేశాను.

గుడిలో సుగుణ కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంది. పొట్లం విప్పింది. తెల్ల పువ్వు చూసి ఏడవలేదు, గోల చేయలేదు. చానాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. రెండో పొట్లం నేను తీసుకెళ్లి బావిలో వేసి వచ్చాను.

ఇక్కడితో ఆగి ఉంటే సగం పాపమే అయ్యేది. ఆ వారంలోనే అతను పెట్టెలతో వచ్చాడు. సుగుణ ఇంట్లోంచి బయటికి రాలేదు. అతనికి మాట చెప్పిరమ్మని నన్ను పంపింది. అమ్మవారు వద్దందని ఉన్నదున్నట్టు చెప్పమంది. బస్టాండులో అతను నన్ను చూసి ఎదురొచ్చాడు.

"సుగుణగారు ఏమన్నారండీ?"

"తనకి సంబంధం కుదిరిందండీ."

"వాళ్ల నాన్నగారు కుదిర్చారా?"

"తనే ఒప్పుకుంది."

"ఆవిడకి ఇష్టమేనా?"

"చానా ఇష్టం."

అతను నేల చూపులు చూస్తూ, మంచిదండీ అన్నాడు. పూల సంగతి చెబితే పూలేమిటి, పెద్దవాళ్లతో నేను మాట్లాడతానని అతను అంటాడేమోనని భయపడ్డాను. అందుకే ఆ అబద్ధం. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. చెప్పాక వెంటనే వచ్చేయలేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇప్పుడైనా నా వంక చూస్తాడేమోనని. చూడలేదు. పెట్టెలు బస్సు మీదికి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. తర్వాత మా ఊరికి వేరే రిప్రజెంటేటివ్ వచ్చేవాడు.

"చూశావా, అమ్మవారికి తెలుసే. నిలబడే మనిషి కాదతను" అంది సుగుణ. నేను తల ఊపాను.

బొల్లాపల్లి రైతునే చేసుకుంది. ఆయన మంచివాడు. మాట తక్కువ, పని ఎక్కువ. తనని ఒక్క మాట అన్న పాపాన పోలేదు. కానీ సుగుణలో ఏదో ఆరిపోయింది. సినిమాల ఊసు ఎత్తేది కాదు. ఏం కావాలే అని అడిగితే ఏదైనా ఒకటేలే అనేది. తన మనసుకి ఏది తోచినా అది తప్పేననుకునేది. అతనే తన మనిషని అంతగా తోచి కూడా అప్పుడు తప్పయింది కదా. అందుకని ప్రతిదానికీ పూలు వేసేది. పుట్టింటికి వెళ్లాలన్నా, పాడిగేదె కొనాలన్నా. వాళ్ల ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

కొన్నాళ్లకి కడుపులో గడ్డ అన్నారు. నరసరావుపేటలో డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమన్నాడు. వాళ్లాయన వెంటనే బయల్దేరదామన్నాడు. సుగుణ నాకు కబురు పెట్టింది. వెళ్లాను.

"ఆనాడు అమ్మవారి మాట విన్నాను, ఏం చెడిపోయాను? ఈసారీ నువ్వే కట్టవే. నీ చేతికే పలుకుద్ది" అంది.

ఆ పొద్దు మళ్లీ తలంటుకున్నాను. మీకు ఏమని చెప్పను? అమ్మవారి ముందు ఇంకెప్పుడూ మోసం చేయనని నా పెళ్లికి ముందు, గురజాలలో ఉండగానే మొక్కుకున్నాను. చేసిన పాపం ఎప్పుడు తగులుతుందోనని వణికిపోతూ బతుకుతున్నదాన్ని. అందుకని బుద్ధిగా ఒక ఎర్ర పువ్వు, ఒక తెల్ల పువ్వు కట్టాను. రెండూ ఎర్రవి కట్టి ఉంటే సుగుణ గుంటూరు వెళ్లేది. మంచం మీద మనిషి ఎముకల గూడులా కనిపిస్తూనే ఉంది, డాక్టరు ఏమన్నాడో తెలుసు, దొడ్డినిండా ఎర్ర పూలు ఉన్నాయి. నా భయం నాది. మోసం చేయాల్సిన రోజున నిజాయితీగా ఉన్నాను.

తెల్ల పువ్వు వచ్చింది.

అప్పటికీ మించిపోలేదు. ఒక్క మాట చాలు. ఆనాడు పలికింది అమ్మవారు కాదే, రెండూ తెల్లవే కట్టాను, నీ పిచ్చి నమ్మకం అంతా నా వల్లే, లే, బయల్దేరు అంటే చాలు. నన్ను చెప్పు తీసుకుని కొట్టేది. కొట్టి, లేచి బస్సెక్కేది. ఆయన గడపలో నిలబడి నా వైపే చూస్తున్నాడు. నువ్వన్నా చెప్పమ్మా అన్నట్టు. నోటిదాకా వచ్చింది. రేపు చెబుదాంలే, కాస్త కుదుటపడ్డాక చెబుదాంలే అనుకుని సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేశాను. మళ్లీ కబురు వచ్చేసరికి చెప్పించుకునే మనిషి లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆయన మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు పక్కన పెట్టి, "అమ్మవారు దానికి అంతే రాసింది చెల్లే. మనం ఏం చేయగలం? నువ్వంటే దానికి ప్రాణం" అన్నాడు. "అంతే అన్నా" అన్నాను నేను.

ఆయనకి ఆ ఒక్క ఓదార్పైనా మిగలాలని చెప్పలేదంటూ ఇన్నాళ్లూ నన్ను నేను వెనకేసుకొచ్చాను. అది కూడా అబద్ధమే. ఆయన మొహం చూడలేక చెప్పలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఎదురుపడితే చెల్లే అని పిలుస్తాడు.

మన్నించమని అడగను. అడగాల్సిన మనిషి పోయింది, మీరు మన్నిస్తే నాకు ఒరిగేదీ లేదు. అన్నా, అమ్మవారు రాయలేదు, నేనే రాశాను. ఆయనతో అనాల్సిన మాట ఇది. మీతో అన్నాను. నాకు చేతనైంది ఇంతే. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతకు మించి ఏమీ లేదు.